పేరు లేని స్ప్రింగ్‌ఫీల్డ్: ఈ చెక్కపని ఎవరిదై ఉంటుంది?

పాత ఇనుము (పెన్సిల్వేనియా), శనివారం రాత్రి

అందరికీ నమస్కారం. మూడేళ్లుగా ఇక్కడ మీరు రాసేవన్నీ చదువుతున్నాను కానీ, నేనుగా ఒక చర్చ మొదలుపెట్టడం ఇదే మొదటిసారి. తప్పులుంటే మన్నించండి.

పోయిన నెల మా ఊరికి గంటన్నర దూరంలో ఒక పెద్దాయన ఇంటి సామాను వేలం వేస్తుంటే వెళ్లాను. వెళ్లింది ఒక రాతబల్ల కోసం. దాన్ని ఇంకెవరో నా తాహతుకు మించి పాడుకున్నారు. ఖాళీ చేతులతో రావడం ఇష్టంలేక పక్క గదిలోకి తొంగిచూస్తే గోడకు ఆనించి ఈ రైఫిల్ కనిపించింది. బల్ల కోసం వెళ్లి తుపాకి తెచ్చిన మనిషితో ఇంట్లో రెండు రోజులు ఎవరూ మాట్లాడలేదు. అది వేరే కథ.

ఇది అమెరికా సైన్యం వాడిన 1903 స్ప్రింగ్‌ఫీల్డ్. తూటా .30-06. లోహం సైన్యానిదే, చెక్క మాత్రం కాదు. ఎవరో ఆ మోటు చెక్క తీసేసి, తేనెరంగులో నల్లచారలు పారుతున్న అక్రోటుతో కొత్త ఒళ్లు తొడిగారు. ముందు కొనకు నల్లటి కొమ్ము ముక్క అతికారు. భుజానికి ఆనే మడమకు ఉక్కు రేకు, దానిమీద చేత్తో గీసిన సన్నటి గళ్లు. గురి చూడటానికి వెనుక లైమన్ కంపెనీ 48 రకం కన్నపు గురి. ఎంత వెతికినా తయారుచేసినవారి పేరు లేదు. వేలంపాట నడిపినాయన మాత్రం "ఇది గ్రిఫిన్ అండ్ హో వాళ్ల పని" అని గట్టిగా చెప్పాడు.

నన్ను పట్టేసింది ఇంకొకటి. కళ్లు మూసుకుని భుజానికి ఎత్తి, తెరిచి చూస్తే నా చూపు నేరుగా గురి మధ్యలో ఉంది. మెడ వంచలేదు, చెంప జరపలేదు. షూటింగ్ రేంజిలో అద్దెకు తీసుకున్న ఏ రైఫిల్‌తోనూ నాకు ఇలా జరగలేదు.

మూడు ప్రశ్నలు. ఎవరు చేశారు? కాల్చడానికి పనికొస్తుందా? చెక్క మెరుపు తగ్గి గీతలు పడ్డాయి, మళ్లీ పాలిష్ పట్టించవచ్చా? ఫొటోలు పెడుతున్నాను.

రంజకం (హైదరాబాద్), ఆదివారం ఉదయం

మూడో ప్రశ్నకు ముందు జవాబు: ముట్టుకోకండి. మిగతావి తర్వాత.

రెండో ప్రశ్నకు ఒక అంకె కావాలి. తూటా కూర్చునే అర మీద వరుస సంఖ్య ఉంటుంది. స్ప్రింగ్‌ఫీల్డ్ కర్మాగారంలో తయారైనదైతే 8,00,000 కన్నా, రాక్ ఐలాండ్‌లో తయారైనదైతే 2,85,507 కన్నా తక్కువ సంఖ్య ఉంటే దాన్ని గోడకు తగిలించుకోండి, కాల్చవద్దు. ఈ కథ చెప్పుకోదగినది. ఆ రోజుల్లో కొలిమిలో ఉక్కు ఎంత కాలిందో రంగు చూసి చెప్పేవారు. పెద్ద అనుభవజ్ఞులే. కానీ ఎండ కాస్తున్న రోజున, మబ్బు పట్టిన రోజున అదే ఎరుపు కంటికి వేరుగా కనిపిస్తుంది. తేడా 300 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా వచ్చేదని తర్వాత తేలింది. ఎండ రోజున కాలిన ఉక్కు అతిగా కాలిపోయి గాజులా పెళుసెక్కింది. 1917లో కొన్ని కాల్చేటప్పుడే పగిలాయి. 1918లో ఉష్ణమాపకాలు పెట్టి, ఉక్కును రెండుసార్లు పదును పెట్టే పద్ధతికి మారారు.

చేతిపనివాడి కన్ను గొప్పదని మనం ఇక్కడ రోజూ పొగుడుకుంటాం కదా. ఆ కన్నే చేసిన నష్టం ఇది. నేను ఈ కథ మరిచిపోను.

పాత ఇనుము, ఆదివారం ఉదయం

సంఖ్య 12 లక్షల పైన ఉంది. స్ప్రింగ్‌ఫీల్డ్‌దే. బ్యారెల్ కొస దగ్గర, ముందు గురి వెనుక "9-21" అని చిన్న ముద్ర కనిపిస్తోంది.

రంజకం, ఆదివారం ఉదయం

అయితే గట్టిదే. ఆ ముద్ర బ్యారెల్ తయారైన నెల, సంవత్సరం: 1921 సెప్టెంబరు. అయినా ఒక తుపాకుల మేస్త్రీకి చూపించి, తూటా అరలో ఖాళీ సరిగ్గా ఉందో లేదో కొలిపించాకే కాల్చండి. నూరేళ్ల వస్తువు.

ఇక గ్రిఫిన్ అండ్ హో సంగతి. సేమౌర్ గ్రిఫిన్ న్యూయార్క్‌లో ఖరీదైన బల్లలూ బీరువాలూ చేసే వడ్రంగి. థియోడర్ రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికా వేటకు స్ప్రింగ్‌ఫీల్డ్ తీసుకువెళ్లాక ఆ రైఫిల్‌కు మోజు పెరిగింది. గ్రిఫిన్ తనకొకటి కొనుక్కుని చెక్క మార్చుకున్నాడు. చూసినవాళ్లు తమకూ కావాలన్నారు. జేమ్స్ హో పనిచేసింది మీ రాష్ట్రంలోనే. ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్‌ఫర్డ్ ఆయుధశాలలో యంత్రాల విభాగానికి పెద్ద మేస్త్రీ. ఇద్దరినీ కలిపింది ఆ ఆయుధశాల అధికారి టౌన్సెండ్ వీలెన్. 1923లో దుకాణం పెట్టారు. కొన్ని నెలలకే హో వెళ్లిపోయాడు, పేరు మాత్రం నూరేళ్లుగా బోర్డు మీద ఉండిపోయింది. పాపం, ఆయన అక్కడ ఉన్న కాలం కన్నా మన ఇళ్లలో అద్దెకున్నవాళ్లే ఎక్కువ కాలం ఉంటారు.

వాళ్ల రైఫిళ్లకు పేరూ వరుస సంఖ్యా సాధారణంగా బ్యారెల్ మీదే కనిపిస్తాయి. మీదాని మీద లేవంటే అనుమానించాల్సిందే. వేలంపాటలో పేరు చెబితే పాట పెరుగుతుంది, అంతే.

సందేహాల సంచి, ఆదివారం మధ్యాహ్నం

నేను కొత్త సభ్యుణ్ణి. తెలియక అడుగుతున్నాను. సైన్యం తుపాకికి చెక్క మారిస్తే అది గొప్ప వస్తువు ఎలా అవుతుంది? పాత లారీకి కొత్త బాడీ కట్టినట్టే కదా?

చిత్రిక (రాజమహేంద్రవరం), ఆదివారం మధ్యాహ్నం

లారీ బాడీ కట్టడం చిన్న పనా? అది మళ్లీ ఎప్పుడైనా మాట్లాడదాం.

నేను తుపాకి పట్టినవాణ్ణి కాదు. మాది మూడు తరాల వడ్రంగం, తలుపులూ మంచాలూ చేస్తాం. ఈ వేదికకు చెక్కపని ఫొటోల కోసమే వస్తాను. నాకు అర్థమైనది చెబుతాను.

తలుపుకు ద్వారబంధం బిగించేటప్పుడు కాగితం దూరేంత సందు వదులుతాం. వానాకాలం చెక్క ఉబ్బుతుంది కదా. తుపాకిలో ఆ వెసులుబాటు లేదు. ఇనుము ఎక్కడ వంపు తిరిగితే చెక్క అక్కడ అదే వంపు తిరగాలి. పేలిన ప్రతిసారీ వెనక్కి గుద్దే దెబ్బనంతా చెక్కలోని ఒకే ఒక్క గోడ కాస్తుంది. ఒకచోట ఆని, ఇంకోచోట ఆనకపోతే ఆ ఆనినచోటే చీలుతుంది.

దానికి వాళ్లు చేసే పని చూసి నేను నవ్వుకున్నాను. ఇనుముకు దీపపు మసి పూస్తారు. చెక్క గాడిలోకి దించి, మెల్లగా తట్టి, పైకి తీస్తారు. చెక్కమీద ఎక్కడ నల్లమచ్చ పడితే అక్కడ చెక్క ఎత్తుగా ఉందన్నమాట. ఆ మచ్చను మాత్రమే ఉలి అంచుతో గీకుతారు. మళ్లీ మసి, మళ్లీ దించడం. అడుగంతా ఒకే తీరుగా నల్లబడేదాకా, వందలసార్లు. మా అమ్మ ఆముదం దీపం మీద కాటుక పట్టడం గుర్తొచ్చింది. ఆ కాటుకతో ఇంత పని జరుగుతుందని అప్పుడెవరికి తెలుసు?

పాత ఇనుము గారూ, మీరు పెట్టిన రెండో ఫొటోలో చెక్క, ఇనుము కన్నా వెంట్రుకవాసి ఎత్తుగా ఉంది. అంటే ఎవరూ గరుకు కాగితం పెట్టి రుద్దలేదు. రుద్దితే ముందు పోయేది ఆ ఎత్తే. అంచులు మొద్దుబారతాయి, గళ్లు అరుగుతాయి. రంజకం గారు ముట్టుకోవద్దన్నది అందుకే. మరీ ఎండిపోయినట్టుంటే అరచేతిలో రెండు చుక్కల అవిసె నూనె వేసుకుని, అరచేయి వేడెక్కేదాకా రుద్దండి. చాలు.

లోయ గాలి (బర్మింగ్‌హాం), ఆదివారం సాయంత్రం

నూనె మాట వచ్చింది కాబట్టి. ఇంగ్లండులో ఆ ఎర్రటి జీరకు అవిసె నూనెలో అల్కనెట్ వేరు నానబెట్టేవారు. మన దుకాణాల్లో రతన్‌జోత్ పేరుతో దొరికేది ఆ కుటుంబపు వేరే. కాశ్మీరు రోగన్ జోష్‌కు ఎరుపు ఇచ్చేది కూడా అదే. మా ఇంట్లో ఒకే సీసా, రెండు పనులు.

సందేహాల సంచి గారికి: లారీ పోలిక పూర్తిగా తప్పేమీ కాదు. జిమ్ కార్బెట్ రైఫిల్ విన్నారా? 1907లో చంపావత్ ఆడపులిని చంపినందుకు సంయుక్త పరగణాల (నేటి ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్) లెఫ్టినెంట్ గవర్నర్ జాన్ హ్యూవెట్ ఆయనకు బహూకరించిన .275 రిగ్బీ. ఆ పులి చంపినవారి లెక్క 436. రైఫిల్ మీద లండన్ తుపాకుల దుకాణం రిగ్బీ పేరుంది, అమ్మింది కలకత్తాలోని మాంటన్ దుకాణం, లోపలి యంత్రాంగం మాత్రం జర్మనీలో ఓబర్న్‌డోర్ఫ్ మౌజర్ కర్మాగారానిది. తూటా కూడా మౌజర్‌వాళ్ల 7×57కు ఇంగ్లీషువాళ్లు పెట్టుకున్న ఇంకో పేరే. అంటే కార్బెట్ రైఫిల్ కూడా ఒక రకంగా బాడీ కట్టిన బండే. ఇప్పుడది మళ్లీ రిగ్బీవాళ్ల దగ్గరికే చేరింది.

పేర్ల గురించి ఒక మాట. నేనుండేది ఒకప్పటి తుపాకుల పేటకు నడిచి వెళ్లేంత దూరం. అక్కడ ఒక తుపాకిని ఒక్కడు చేసేవాడు కాదు. బ్యారెల్ చేసేవాడు వేరు, దాన్ని ఆకురాయితో రాసేవాడు వేరు, యంత్రాంగం అమర్చేవాడు, చెక్కవాడు, నగిషీవాడు, చివర మెరుగువాడు. సగం పూర్తయిన తుపాకిని సంచిలో వేసుకుని ఒక సందు నుంచి ఇంకో సందుకు పిల్లలు మోసేవారు. పూర్తయ్యాక ఎవరు కొంటే వారి పేరు చెక్కేవారు. లండన్ దుకాణాల పేర్లతోనూ, కలకత్తా, మద్రాసు దుకాణాల పేర్లతోనూ అమ్ముడైన ఎన్నో తుపాకులు ఈ సందుల్లోంచి వచ్చినవే. పనివాడి గుర్తు కావాలంటే చెక్క విప్పి బ్యారెల్ అడుగున చూడాలి. అక్కడ రెండు పొడి అక్షరాలు, బియ్యపుగింజంత. కొన్నవాడు బతికినంత కాలం దాన్ని చూడడు.

రంజకం, ఆదివారం రాత్రి

లోయ గాలి గారు మద్రాసు, కలకత్తా అన్నారు కాబట్టి నాకు నోరు ఊరుకోవడం లేదు.

1898లో రిగ్బీవాళ్లు .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ తెచ్చారు. పెద్ద జంతువుల వేటకు వాడే జంట బ్యారెళ్ల రైఫిళ్ల తూటా అది. 1907లో ఇక్కడి బ్రిటిష్ ప్రభుత్వం .450 కొలతను నిషేధించింది. భయం ఏనుగుల గురించి కాదు. పాత మార్టినీ హెన్రీ సైనిక తుపాకుల కొలత కూడా అదే. ఆ గుళ్లు తిరుగుబాటుదారుల చేతికి చేరతాయని. మన దేశపు గిరాకీ పోతే ఇంగ్లండు దుకాణాలకు పూట గడవదు. వెంటనే ఒకరు .470, ఒకరు .465, ఇంకొకరు .475 అంటూ కొత్త కొలతలు పుట్టించారు. ఈనాడు వేలంపాటల్లో లక్షలు పలికే ఆ పేర్లన్నీ ఒక దొరతనపు భయంలోంచి పుట్టినవే.

భయం పూర్తిగా నిరాధారం కూడా కాదు. 1914 ఆగస్టు 26న కలకత్తాలో ఆయుధాలమ్మే రాడ్డా కంపెనీకి వచ్చిన సరుకులోంచి 50 మౌజర్ పిస్తోళ్లు, 46,000 తూటాలు బెంగాలీ విప్లవకారులు ఎడ్లబండిలో తోలుకుపోయారు.

జంట బ్యారెళ్ల రైఫిల్‌లో అసలు విద్య నగిషీ కాదు. రెండు గొట్టాలు చూడటానికి సమాంతరంగా ఉంటాయి కానీ ఉండవు, కొస దగ్గరికి వచ్చేసరికి కాస్త దగ్గరవుతాయి. రెండూ ఒకే చోట గుండు వేయాలంటే ఎంత దగ్గర కావాలో లెక్కలో దొరకదు. కొసలో సందులో దూర్చే చిన్న ఆప్పు ముక్క పెట్టి, తగరంతో అతికి, కాల్చి చూస్తారు. ఎడమది కిందికి పోయిందా? అతుకు కరిగించి, ఆప్పు జరిపి, మళ్లీ అతికి, మళ్లీ కాలుస్తారు. అదీ ఒకే మందుకు, ఒకే బరువుకు కుదిరినట్టు. మన ఎండలకు ఆ తూటాల్లోని కార్డైట్ అనే పొగలేని మందు ఒత్తిడి పెరుగుతుందని వేడి దేశాలకు మందు తగ్గించిన తూటాలు వేరుగా అమ్మేవారు. ఇంగ్లండు చలిలో కుదిర్చినది మన వైశాఖంలో ఎటు పోతుందో కాల్చి చూసుకోవాల్సిందే.

నా సంగతి అడిగారా? సాలార్‌జంగ్ మ్యూజియంలో అద్దం ముందు నిలబడి చూసినవే ఎక్కువ. అద్దం వెనుక ఉన్నదాన్ని భుజానికి ఎత్తలేం కదా. ఇంట్లో ఉన్నది తాతగారి నాటి 12 బోరు ఒకటి, లైసెన్సుతో, బీరువాలో.

సందేహాల సంచి, సోమవారం ఉదయం

ఒక్క ప్రశ్న. పాత తుపాకుల బ్యారెళ్ల మీద పాము చర్మంలా, నీటి అలల్లా గీతలుంటాయి, డమాస్కస్ అంటారు. ఆ ఉక్కు మన కోనసముద్రం నుంచి వెళ్లిందేనని ఒక వీడియోలో చెప్పారు. నిజమేనా? మాది నిజామాబాద్ జిల్లా, గర్వంగా ఉంది.

రంజకం, సోమవారం ఉదయం

గర్వపడండి, కానీ వేరే కారణానికి. వీడియో రెండు విషయాలు కలిపేసింది.

కోనసముద్రం ఉక్కు మూసలో కరిగించినది. రెండు రకాల ఇనుము మట్టి మూసలో మూసి, గంటల తరబడి కాచి, నెమ్మదిగా చల్లార్చితే ఒక ముద్ద వస్తుంది. కత్తిగా సాగగొట్టాక దానిమీద కనిపించే అలలు ఆ ముద్ద లోపలే పుట్టినవి. 1820లలో వాయిసీ అనే ఇంగ్లీషు భూగర్భ పరిశోధకుడు ఆ ఊరు వెళ్లి కళ్లారా చూసి రాశాడు. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన పారసీక వర్తకుడు అక్కడే బసచేసి ఉక్కు కొనుక్కుపోవడం కూడా ఆయన రాసినదే.

19వ శతాబ్దపు యూరప్ తుపాకుల బ్యారెల్ అది కాదు. మెత్తని ఇనుపపట్టీలు, ఉక్కుపట్టీలు పేర్చి, కాల్చి, తాడులా పురిపెట్టి, ఒక కడ్డీ చుట్టూ చుట్టి సమ్మెటతో అతికినది. గీతలు ఆ పురిలోంచి వస్తాయి. బెల్జియంలో లీయేజ్ ఈ పనికి పెట్టింది పేరు. పేరు ఒకటే, పుట్టుక వేరు. జడ అల్లడానికీ, పట్టుచీరలో జరీ నేయడానికీ ఉన్నంత తేడా. అలాంటి బ్యారెళ్లలో ఈనాటి పొగలేని మందు తూటాలు వేయవద్దు. ఈ మాట ఈ వేదికలో ఇప్పటికి ఎన్నిసార్లు రాశానో నాకే తెలియదు.

నల్లమల నీడ, సోమవారం రాత్రి

మీ మాటలన్నీ చదివాను. కాటుక, రోగన్ జోష్, జరీ. బాగుంది. వీటితో ఏం చేశారో కూడా ఒక్కరైనా రాస్తారని చూశాను.

నేను అడవిలో కెమెరాలు కట్టి పులుల లెక్కలు తీసే పనిలో ఉన్నాను. ఆరో నిజాం కాలపు వేట ఫొటోలు లాలా దీన్‌దయాళ్ తీసినవి చూశారా? చచ్చిన పులులను వరుసగా పరిచి, వెనుక దొరలు కుర్చీల్లో. ఆ తుపాకుల చెక్క కూడా అక్రోటే అయి ఉంటుంది. నగిషీ కూడా గొప్పదే అయి ఉంటుంది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చేసరికి పులులు ఎంత తక్కువ మిగిలాయో మీకు తెలుసు. పనితనం పొగిడేటప్పుడు పని దేనికో మరిచిపోకూడదని నా అభ్యంతరం.

లోయ గాలి, మంగళవారం ఉదయం

అభ్యంతరం సబబే. నేను దాటవేయను. రిగ్బీ, హాలండ్ లాంటి లండన్ తుపాకుల దుకాణాల పద్దులు వేటతోనే నిండాయి. పులి తల నగిషీ చేయని మేస్త్రీ ఉండడు. కార్బెట్ చివరికి కెమెరా పట్టాడు, పార్కుకు ఆయన పేరు పెట్టారు అని చెప్పి చేతులు దులుపుకోవచ్చు కానీ, ఆయన ఒక్కడికి ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్లు వందమంది.

ఆ సందుల్లో పనిచేసినవాళ్లలో చాలామంది పులిని చూసి ఉండరు. జంతుప్రదర్శనశాలలోనో బొమ్మల్లోనో చూసి చెక్కారు. కొన్ని పులులు పిల్లుల్లా ఉంటాయి, చూస్తే నవ్వొస్తుంది. నేను పొగిడేది వాళ్లను.

పాత ఇనుము, మంగళవారం ఉదయం

నేను కాగితం మీద గుండ్రాలనే కాలుస్తాను. ఏ ప్రాణినీ చంపలేదు, చంపను. కానీ ఇది చేయించుకున్నాయన జింకల కోసమే చేయించుకుని ఉంటాడు. అది కాదనలేను.

నిర్వాహకుడు, మంగళవారం మధ్యాహ్నం

చర్చ మర్యాదగా సాగుతోంది, సంతోషం. నల్లమల నీడ గారి మాట మీద విడిగా చర్చ కావాలంటే తెరుస్తాను. కొనుగోళ్లు, ధరలు, తూటాలు నింపే పద్ధతులు ఇక్కడ వద్దని మళ్లీ గుర్తుచేస్తున్నాను.

చిత్రిక, మంగళవారం రాత్రి

పాత ఇనుము గారూ, మీ నాలుగో ఫొటో, పైనుంచి తీసినది, నన్ను నిద్రపోనివ్వలేదు. కంప్యూటర్ తెర మీద బ్యారెల్ మధ్య నుంచి వెనక్కి ఒక దారం లాగి పట్టుకున్నాను. మా అమ్మాయి నవ్వింది, నవ్వనివ్వండి. దారం మడమ మధ్యలోకి రావాలి. రావడం లేదు. మడమ దారానికి ఎడమ పక్కకు తొలిగి ఉంది. పావు అంగుళంలోపే, కానీ ఉంది.

ఇది పొరపాటా, ఉద్దేశమా? తుపాకులు తెలిసినవారు చెప్పండి.

రంజకం, మంగళవారం రాత్రి

కుడిచేతివాళ్లకు మడమను కాస్త కుడివైపుకు ఒరగనిచ్చి చేయడం మామూలే. చెంప పెట్టగానే కన్ను గురి వెనకకు వస్తుంది. ఎడమకు ఒరగడం అరుదు. నూరేళ్ల చెక్క, వంకరపోయి ఉంటుంది.

చిత్రిక, మంగళవారం రాత్రి

వంకరపోయిన చెక్క నాకు తెలియదా అండీ? చెక్క తనంతట తాను తిరిగితే చారల వెంబడి తిరుగుతుంది, ఇనుము దగ్గర సందు పడుతుంది. ఇక్కడ వెంట్రుక కూడా దూరదు. పైగా చేత్తో పట్టే సన్నటి భాగంలో చారలు పట్టు వెంబడే పారుతున్నాయి, అక్కడ తిరగదు. పెద్దవారు, మిమ్మల్ని కాదంటున్నందుకు ఏమీ అనుకోకండి. ఇది కావాలని చేసిందే.

పాత ఇనుము గారూ, మీరు ఎడమచేతి వాటమా?

పాత ఇనుము, బుధవారం తెల్లవారుజామున

అవును.

ఈ ప్రశ్న చదివి లేచి నిలబడ్డాను. నేనెక్కడా రాయలేదు కదా! చిన్నప్పుడు ఎడమచేత్తో ముద్ద పెట్టుకున్నానని మా నాయనమ్మ చేతిమీద గరిటెతో కొట్టేది. అన్నం, రాత కుడికి మార్చారు. బంతి విసరడం, తుపాకి ఎత్తడం ఎవరూ మార్చలేదు. ఎడమ భుజానికే ఎత్తుతాను. అందుకే చూపు అంత సూటిగా కుదిరిందా?

లోయ గాలి, బుధవారం ఉదయం

చిత్రిక గారికి దండం.

మడమ రేకు విప్పితే తెలుస్తుంది. చెక్కవాళ్లు మడమ అడ్డుకోత మీద మధ్యగీత గీసుకుంటారు, రేకు కింద అది అలాగే మిగిలిపోతుంది. కానీ ఇంట్లో ఉన్న మామూలు స్క్రూడ్రైవర్ పెట్టకండి, ప్రాధేయపడుతున్నాను. దాని మొన వాలుగా ఉంటుంది, గాడి అంచులు చితికిపోతాయి. గాడి వెడల్పుకూ లోతుకూ సరిపడేలా సాన పట్టిన మొన కావాలి. మీ రేకు మరల (స్క్రూల) గాడులు రెండూ నిలువుగా ఒకే దిక్కు చూస్తున్నాయని గమనించారా? మర చివరి బిగువుకు వచ్చేసరికి గాడి అక్కడే ఆగేలా తల అడుగును రాస్తూ వస్తారు. కాబట్టి తిరిగి పెట్టేటప్పుడు ఏ మర ఎక్కడిదో అక్కడికే.

నల్లమల నీడ, బుధవారం ఉదయం

నా అభ్యంతరం అలాగే ఉంది. కానీ ఆ రేకు కింద ఏముందో నాకూ చెప్పండి.

పాత ఇనుము, శనివారం సాయంత్రం

ఆలస్యానికి మన్నించండి. పక్క ఊళ్లో తుపాకులు బాగుచేసే ఒక ముసలాయన ఉన్నారు, ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. తూటా అర కొలిచారు, సరిగ్గా ఉందన్నారు. తర్వాత నా మరల కోసం ఒక మొనను పావుగంట సాన పట్టారు. విప్పడానికి పట్టింది అర నిమిషం.

చెక్క లోపల లేత రంగులో, నిన్న కోసినట్టు ఉంది. మధ్యలో నిలువుగా ఒక పెన్సిలు గీత. దానికి ఎడమగా, సరిగ్గా మూడు బై పదహారు అంగుళం దూరంలో ఇంకో గీత. రెండో గీత మీద చిన్న అడ్డగాటు. పక్కన "13" అని అంకె. అంతే. పేరు లేదు, పొడి అక్షరాలు లేవు.

ట్రిగ్గర్ నుంచి మడమ దాకా కొలిస్తే సరిగ్గా 13 అంగుళాలు. కర్మాగారాల్లో చేసేవి పదమూడున్నర దగ్గర ఉంటాయని ఆ ముసలాయన చెప్పారు. నా ఎత్తు అయిదడుగుల అయిదు అంగుళాలు.

రంజకం, శనివారం రాత్రి

వంకరపోయిన చెక్క అన్నందుకు వెనక్కి తీసుకుంటున్నాను. రెండు గీతలు గీశాడంటే ముందే కొలుచుకున్నాడు.

కాబట్టి తేలినది ఇది. 1921 సెప్టెంబరు తర్వాత, ఎప్పుడో, ఒక పొట్టి ఎడమచేతివాటం మనిషికి (ఆడవారా, మగవారా చెప్పలేం) ఒక చెక్కవాడు కొలత తీసుకుని చేశాడు. తూటా మార్చే గడియ (బోల్టు) కుడిచేతివాళ్లదే కాబట్టి ఆ మనిషి ప్రతి గుండుకీ చేయి పైనుంచి అటు వేసి లాగాల్సిందే, దానికి చెక్కవాడు చేయగలిగింది లేదు. చేయగలిగినదంతా చేశాడు. గ్రిఫిన్ దుకాణంవాడో, ఇంకెవరో తేల్చడానికి ఇంతవరకు ఆధారం లేదు. వాళ్ల పద్దుల్లో వెతికిద్దామంటే వరుస సంఖ్య ఉండాలి, అది లేదు.

సందేహాల సంచి, శనివారం రాత్రి

లారీ మాట నేను కూడా వెనక్కి తీసుకుంటున్నాను.

నల్లమల నీడ, శనివారం రాత్రి

ఆ రెండు గీతల ఫొటో పెట్టగలరా?

పాత ఇనుము, శనివారం రాత్రి

పెట్టాను. పక్కన కొలతకు పావు డాలరు నాణెం ఉంది.

చిత్రిక, ఆదివారం ఉదయం

చూశాను. మేమూ ఇలాగే గీస్తాం, రెండో గీత మీద గాటు పెట్టి. మొదటిది చెక్కది, గాటున్నది మనిషిది. కోసేటప్పుడు తికమక పడకుండా.

రేకు బిగించేముందు ఆ గీతల మీద వేలు పెట్టి రుద్దకండి, నూనె కూడా తగలనివ్వకండి. పెన్సిలు చెరిగిపోతుంది.